తాళాలత్త అరికాళ్ళు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే తాళాలత్తకి నడుం వాల్చే తీరిక ఉండదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ విడిది ఇంటిని పొద్దున పదకొండింటికి ఒక గుంపు ఖాళీ చేస్తుంది, మధ్యాహ్నం రెండింటికి ఇంకో గుంపు దిగుతుంది. నడుమ ఉన్న మూడు గంటల్లో మూడు పడగ్గదులు, హాలు, వంటిల్లు, పైన డాబా, అన్నీ ఎవరూ ముట్టుకోనట్టు తయారవ్వాలి. ఇల్లు కట్టినప్పటినుంచీ, అంటే ఇరవై రెండేళ్ళుగా, ఆ పని ఆమెదే. బొడ్లో ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి వీధి వీధంతా ఆమెను తాళాలత్త అనే పిలుస్తుంది. అసలు పేరు కట్టుకున్న మొగుడు కూడా పలికి చాలా కాలమైంది.

దిగేవాళ్ళూ మనుషులే, కాదనలేం. కానీ సముద్రం కనబడగానే వాళ్ళకి ఏదో పూనుతుంది. తడి తువ్వాళ్ళు తెచ్చి చెక్క కుర్చీల మీద ఆరేస్తారు. తలుపులు బార్లా తెరిచి ఏసీ వేసుకుంటారు. పిల్లలు ఏరుకొచ్చిన గవ్వల్లో ఒకదాంట్లో ప్రాణం ఉంటుంది. అది మంచం కింద చచ్చి మూడో రోజుకి ఇల్లంతా కంపు కొడుతుంది. గుమ్మం బయట కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి ఉంది, దాని పక్కన ఇంత బోర్డూ ఉంది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు గానీ కాళ్ళు మాత్రం కడగరు మహానుభావులు!

అందుకే ఇసుక. ఉప్పుగాలికి తుప్పు పట్టే గొళ్ళేలనైనా ఒక దారికి తేవచ్చు గానీ, ఇసుకతో వేగడం ఎవరి తరమూ కాదు. పైగా నేల రంగూ ఇసుక రంగూ ఒకటే, కంటికి ఆనదు. తాళాలత్త మొదటి ఏడాదే దానికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, నేల ఆరాక, చెప్పుల్లేకుండా ఇల్లంతా ఒకసారి నెమ్మదిగా నడుస్తుంది. అరికాలికి ఎక్కడ గరగరలాడితే అక్కడ మళ్ళీ చీపురు. "నా కళ్ళు నన్ను మోసం చేస్తాయేమో గానీ నా కాళ్ళు చెయ్యవు" అని కనబడిన వాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేది.

ఈ ఏడు ఆ కాళ్ళకే దిష్టి తగిలింది. నెల తిరక్కుండా మూడు గుంపులు ఇల్లుగలావిడకి ఫోన్ చేసి ఒకే మాట చెప్పాయి: నేలంతా ఇసుక. తాళాలత్త ఒప్పుకోలేదు. కాళ్ళతో చూశానని ఒకటే వాదన. మూడోసారికి ఇల్లుగలావిడ గొంతు మారింది.

"చూడమ్మా, శనివారం మా వియ్యపురాలు వాళ్ళు దిగుతున్నారు. ఆవిడ నోరు ఎలాంటిదో మా అమ్మాయిని అడిగితే చెప్తుంది. ఈసారి కూడా ఇసుక అన్న మాట నా చెవిన పడిందనుకో, ఏమీ అనుకోకు, ఏదైనా కంపెనీ వాళ్ళకి అప్పజెప్పేస్తాను. నీకూ వయసైపోతోంది."

ఆ చివరి మాట గుండెల్లో గుచ్చుకుంది. జీతం సంగతి అలా ఉంచండి. ఏ కిటికీ ఏ గాలికి కొట్టుకుంటుందో, ఏ కుళాయిని రెండు చుట్లు ఎక్కువ తిప్పాలో ఆమెకు తెలిసినట్టు ఇల్లుగలావిడకే తెలియదు. ఆ తాళాలు బొడ్లోంచి తీసేస్తే ఇక తనని ఏమని పిలుస్తారు? వారం రోజులూ అదే ఆలోచన.

శనివారం రానే వచ్చింది. ఖాళీ చేసే గుంపు పావుగంట ఆలస్యంగా కదిలింది. తాళాలత్త ఊపిరి బిగబట్టి పక్కలు మార్చింది, రెండుసార్లు ఊడ్చింది, తడిగుడ్డ పెట్టింది, రెండుసార్లు నడిచింది. కాలికి ఎక్కడా ఏమీ తగల్లేదు. హమ్మయ్య అనుకుని తలగడలు ఎండబెట్టడానికి డాబా ఎక్కింది.

మాసిన దుప్పట్ల కోసం వచ్చిన లాండ్రీ అతను, ఆ ఇంటి పద్ధతి ప్రకారం చెప్పులు కిందే వదిలి డాబా మీదకి అడుగుపెట్టాడు. పెట్టీ పెట్టగానే చిందులు తొక్కుతూ నీడలోకి దూకాడు.

"అమ్మో, అమ్మో! పెనంలా కాలిపోతోంది! అంతసేపు ఎలా నిలబడ్డావత్తా? కాళ్ళకి గుర్రానికిలా లాడాలేమన్నా కొట్టించావా?"

"పోరా, నీదంతా సుకుమారం" అని నవ్వేసింది. అతను మూట ఎత్తుకుని పోయాక వంగి అరచెయ్యి నేలకి ఆనించింది. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కుంది.

మెట్ల మీద కూర్చుని అరికాళ్ళు తిప్పి చూసుకుంది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మడమ దగ్గర ఎప్పుడో గీసుకుని ఎండిన గాయం, ఎప్పుడు తగిలిందో కూడా తెలియదు. రెండేళ్ళ క్రితమే డాక్టరు చెప్పాడు, షుగరుకి కాళ్ళు మొద్దుబారతాయి, చెప్పుల్లేకుండా తిరగొద్దని. చెప్పులేసుకుంటే ఇసుక ఎలా తెలుస్తుందని ఆ మాట ఆస్పత్రి గుమ్మంలోనే వదిలేసి వచ్చింది.

హాల్లోకి వచ్చి చేత్తో రాసి చూస్తే గరగర. సోఫా దగ్గర గరగర. గుమ్మం దగ్గర గరగర. అంటే ఆ మూడు గుంపులూ నిజమే చెప్పాయి. సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. అప్పటికి గడియారంలో పన్నెండున్నర. మోకాళ్ళ మీద పాకుతూ అరచేత్తో తడుముకుంటూ పోయింది. సగం హాలు కాకుండానే నడుం పట్టేసింది. ఎంత అలిసిపోయిందంటే, ఆ నేల మీదే పడుకుని, ఎవరొచ్చి ఏమన్నా అనుకోనీ, కళ్ళు మూసుకోవాలనిపించింది.

అయినా లేచి పెరటి గుమ్మంలోకి వెళ్ళింది. సందుకి అవతల తమ ఇంటి అరుగు మీద మొగుడు పేపరు చదువుతున్నాడు. ఆయన మేస్త్రి. ఈ ఇంటి నేల వేసింది ఆయనే. మెట్ల దగ్గర పల్లం వచ్చిందని ఇల్లుగలావిడ తండ్రి ఆ రోజు పదిమందిలో అన్నాడు. మట్టం పెట్టి చూశాకే వేశానని మేస్త్రి అడ్డం తిరిగి చెప్పులేసుకుని పోయాడు. పెద్దాయన పోయి పదేళ్ళైంది గానీ ఈయన పంతం పోలేదు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"ఏవయ్యా, ఒకసారి లోపలికి రా."

"ఆ ఇంట్లోకా? మతి పోయిందా నీకు?"

"మతి కాదు, కాళ్ళు పోయాయి."

మేస్త్రి పేపరు కింద పెట్టాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ముందు గుమ్మానికి చుట్టూ తిరిగి వెళ్ళి, చెప్పులు విప్పి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. ఆ వేసవి మొత్తంలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. తువ్వాలుతో తుడుచుకుని లోపలికి వచ్చి, అరికాలికి ఇసుక తగిలినచోటల్లా ఆగుతూ నడిచాడు.

"ఇక్కడుంది." ఆమె ఊడ్చింది. "ఇక్కడ కూడా. ఏంటే, ఇన్నాళ్ళూ ఊడ్చావా, చల్లావా?"

"కబుర్లాపి నడు. టైమవుతోంది."

గది తర్వాత గది అయింది. చివరికి మెట్ల దగ్గర మేస్త్రి ఆగిపోయాడు. అక్కడ ఇసుక పొరలా ఉంది. ఊడ్చాక మళ్ళీ కాలు పెట్టి, వెనక్కి జరిగి, ఇంకోసారి పెట్టాడు. గొంతుక్కూర్చుని చేత్తో నేలని నిమిరాడు. 

"పెద్దాయన అన్నది నిజమేనే" అన్నాడు. "ఇక్కడ పల్లమే."

తాళాలత్త తల ఎత్తకుండా ఊడుస్తూనే ఉంది.

"నీకు తెలుసా?"

"రోజూ నేను తుడిచే నేలేగా. తడిగుడ్డ నీళ్ళు అక్కడే నిలుస్తాయి, పొడిగుడ్డతో అద్దుతాను."

"మరి ఇరవై రెండేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే నన్ను ఇంట్లో ఉండనిచ్చేవాడివా?"

రెండింటికి వియ్యపురాలుగారు దిగింది. చెప్పులు విప్పి హాల్లో రెండు చుట్లు తిరిగింది. వంక దొరక్క, సముద్రం హోరు మరీ ఎక్కువగా ఉందని మొహం ముడుచుకుంది. దానికి తాళాలత్త పూచీ లేదు కాబట్టి, తాళంచెవి చేతికిచ్చి పెరటి దారిన బయటపడింది.

మేస్త్రి అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆయన అరికాళ్ళకి ఇంకా ఇసుక అంటుకుని ఉంది. ఆమె పక్కన కూలబడి చేత్తో దులిపింది.

"చక్కిలిగింతలు పెట్టకే!" అని ఆయన కాలు లాక్కున్నాడు.

"నీకు తెలుస్తోందిగా, అదృష్టవంతుడివి."

ఆయన ఆమె కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో ఇలాగే ఏడిపించేవాడు. వేలు పెట్టకముందే ఆమె కిలకిలా నవ్వి కాలు లాగేసుకునేది. ఇప్పుడు గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

"చక్కిలిగింతలు పెట్టవేం మరి?" అంది కాసేపాగి.

మేస్త్రి వేలు అప్పటికే మడమ నుంచి బొటనవేలి దాకా రెండుసార్లు పోయి వచ్చింది. ఆయన వేలు అక్కడే ఆపేశాడు.

"రేపు పొద్దున్నే ఆస్పత్రికి పోదాం" అన్నాడు. "ఇల్లుగలావిడకి ఫోన్ నేను చేస్తా. తప్పు నేలదని చెప్తా."