ఎనిమిదో వాడి సన్మాన పత్రం

మా తెలుగు సంఘం అధ్యక్షుడికి తెలుగు చదవడం రాదు. అందులో ఆయన తప్పేమీ లేదు. పుట్టింది ఇక్కడే జంషెడ్‌పూర్‌లో, చదివింది హిందీ బడిలో. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన అనుకోవడమే తప్పు.

తెలుగు అంతరించిపోతోందని మూడేళ్ళ కిందట మైకులో బాధపడి, బారిడీహ్‌లోని సంఘం హాల్లో ఆదివారం క్లాసు పెట్టించింది కూడా ఆయనే. మొదటి వారం బిస్కెట్లు పంచారు, ఇరవై మంది పిల్లలు వచ్చారు. రెండో వారం బిస్కెట్లు లేవు, పిల్లలూ లేరు. హాలు తాళం తీసి ఊడ్చే పని నాది కాబట్టి, అందరూ ‘అప్పా’ అంటే అక్కా అని పిలిచే నేను మిగిలాను. పంతులమ్మ వచ్చిన దారినే వెళ్ళడం ఇష్టంలేక నన్ను కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది. అలా యాభై ఎనిమిదో ఏట నాకు అక్షరాలు వచ్చాయి.

నా కూతురి కొడుకు నాలుగు వందల మీటర్లు పరిగెడతాడు. మైదానం చుట్టూ ఒక్క చుట్టు, అంతే. ఒకప్పుడు బూట్లకి సాయం అడిగితే వచ్చే మీటింగులో చూద్దామన్న సంఘం, ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళ ప్రపంచ పోటీల్లో వాడు ఫైనల్ చేరాడని తెలియగానే మాకు దగ్గర బంధువైపోయింది. గమ్హరియా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా పని చేసే మా అల్లుణ్ణి ఆ రోజు నుంచి ‘గారు’ అనడం మొదలుపెట్టారు.

ఫైనల్ మన లెక్కన మధ్యాహ్నం. హాల్లో తెర కట్టారు. అగ్రికో బజారు నుంచి లడ్డూలు ముందే వచ్చేశాయి. తెర మీద ఎనిమిది మంది నిలబడ్డారు, అందరికంటే ముందు మావాడు.

“సూసినారా! మనోడ్ని ముందల నిలబెట్టినారు. ఇండియా అంటే ఆమాత్రం మర్యాద ఉండాల!” అన్నాడు అధ్యక్షుడు.

మనవడు పోటీకి వెళ్ళే ముందు అన్నం కంచం చూపించి నాకు చెప్పాడు: అంచు వెంట తిరిగితే దూరం ఎక్కువ, లోపల తిరిగితే తక్కువ. అందుకే బయటి గీతలో పరిగెత్తేవాణ్ణి ముందుకు జరిపి నిలబెడతారు. చివరి మలుపు తిరిగాకే అసలు ఎవరు ముందో తెలిసేది.

“అది మర్యాద కాదు తమ్ముడా, ఆడికి బయటి గీత పడింది. మలుపు తిరగనీ, అప్పుడు సూడు,” అన్నాను.

“అప్పా, నిన్నగాక మొన్న అక్షరాలు నేర్సుకున్నావు. పరుగు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాదేటి?”

హాలంతా నవ్వింది.

తుపాకీ మోగింది. సగం చుట్టు దాకా మావాడే ముందున్నట్టు కనిపించాడు. బయట టపాసులు పేలాయి. అధ్యక్షుడు ఫోను చెవిన పెట్టుకుని, శ్రీకాకుళంలో ప్రెస్సు నడిపే బావమరిదితో “ఫస్టే! నిన్న సెప్పిన సన్మాన పత్రం అచ్చేసీ!” అని అరిచాడు. ఆ అరుపు ముగిసేలోపే చివరి మలుపు అయిపోయింది. మిగతా ఏడుగురూ ఒక్కొక్కరే మావాణ్ణి దాటారు. టపాసులు మాత్రం ఆగలేదు. బయటివాళ్ళకి ఎవరూ చెప్పలేదు మరి.

హాలు చావింటిలా అయిపోయింది. ఒక పెద్దాయన నా కూతురి తల నిమిరి, “ఏటి సేత్తాం తల్లీ, ఆఖరైపోనాడు,” అన్నాడు. మావాడు ఆ ఈడు కుర్రాళ్ళలో ప్రపంచానికి ఎనిమిదోవాడు. ఓదార్చిన పెద్దాయన హాలు మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. దుఃఖంలో కూడా లడ్డూ ఎవరూ వదల్లేదు.

వాడు తిరిగొచ్చాడు. ఆ రోజు పరిగెత్తినంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదట. ఎనిమిది అన్నప్పుడల్లా వాడి ముఖం వెలిగేది.

ఆదివారం పొద్దున సన్మానం పెట్టారు. శనివారం అధ్యక్షుడు ఫ్రేము కట్టిన పత్రం మా ఇంటికి తెచ్చాడు. “నువ్వే సదవాల అప్పా. నా కళ్ళజోడు కుదరట్లేదు.”

చదివాను. ప్రథమ స్థానం, స్వర్ణ పతకం, విశ్వ విజేత.

“ఇదంతా అబద్ధం కదా తమ్ముడా.”

“అచ్చయిపోనాది. బంగారు అంచు కూడా ఏయించినాను. సన్మానంలో ఎవులైనా తక్కువ సేసి సెప్తారేటి? రాసింది రాసినట్టు సదివీ.”

ఆయన వెళ్ళాక మనవడు నా దగ్గరికి వచ్చాడు. “అమ్మమ్మా, యే మత్ పఢ్‌నా,” అన్నాడు. ఇది చదవొద్దని. వాడిదీ హిందీ బడే, మిగతాదంతా హిందీలోనే చెప్పాడు: నాతో పరిగెత్తే కుర్రాళ్ళు వస్తారు, కోచ్ వస్తాడు, వాళ్ళందరికీ తెలుసు. ఎనిమిది నేను పరిగెత్తి తెచ్చుకున్నాను. ఫస్టు ఈయన ఫోనులో తెచ్చుకున్నాడు. అది చదివితే స్టేజి దిగి వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ హాలు గుమ్మం తొక్కను.

ఆదివారం హాలు నిండింది. మొదటి వరసలో కోచ్, పక్కన మైదానం కుర్రాళ్ళు. స్టేజి మీద మనవడు కుర్చీ అంచున కూర్చున్నాడు, లేవడానికి సిద్ధంగా. నేను ఫ్రేము పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు చదివాను. అందులో అధ్యక్షుడి పేరూ, ఆయన చేసిన సేవలూ ఉన్నాయి. తర్వాత, పంతులమ్మ నేర్పినట్టు, వరస కింద వేలు జరుపుతూ ఇలా చదివాను:

“ఈ కుర్రవాడు ఎనిమిదో గీతలో పరిగెత్తి, ఎనిమిదోవాడిగా వచ్చాడు. ఊళ్ళో ఎనిమిది కాదు, ప్రపంచంలో ఎనిమిది. తను ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాడు. బూట్లు అడిగిననాడు సంఘం వచ్చే మీటింగులో చూద్దామంది. ఆ మీటింగు ఇంకా జరగలేదు.”

మైదానం కుర్రాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి హాలంతా కొట్టింది. అధ్యక్షుడు నా చెవి దగ్గరికి వంగాడు.

“అప్పా, అందులో అలాగ నేదు గదా.”

“నేదా? అయితే నువ్వు సదువు తమ్ముడా. మైకు ఇదిగో.”

ఆయన ఫ్రేము తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత ఫ్రేము నా చేతికిచ్చేసి మైకులో అన్నాడు: “పతీ ముక్కా నేనే రాయించినాను!”

దానికీ చప్పట్లు పడ్డాయి. మనవడు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. దండ వేసేటప్పుడు తల వంచాడు.

ఇంటికొచ్చాక ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, ఆ అచ్చు కాగితం తీసేసి, నేను చదివినదంతా నా చేత్తో రాసి లోపల పెట్టాను. బంగారు అంచు లేదు. వరసలు కుడివైపుకి జారిపోయాయి. వాడు చాలాసేపు చూసి, ఇందులో ఎనిమిది ఎక్కడుందని అడిగాడు. వేలు పెట్టి చూపించాను.