మూత మూసుకున్న తర్వాత

సిగ్నల్ లేక రైలు పొలాల మధ్య ఆగి ఇరవై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాల్లో కిటికీ పక్కన కూర్చున్న అద్దకం మేస్త్రి రైల్వేవాళ్లను ఏడుసార్లు అనుమానించాడు. ఎదుటి సీట్లో ఉన్న ఇద్దరిని మాత్రం విడవకుండా అనుమానిస్తూనే ఉన్నాడు. ఒకరు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి. రెండోవారు కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకున్న పెద్దమనిషి, ఆమెకు పైఅధికారి. రైలెక్కింది మొదలు ఇద్దరూ కంప్యూటర్ ప్రోగ్రాములో వేసే బ్రాకెట్ల గురించి పోట్లాడుకుంటున్నారు.

“పీపా తిప్పు అని రాసి, దాని కింద పనులన్నీ కాస్త లోపలికి జరిపి రాస్తే చాలదా సార్? ఈ బ్రాకెట్లన్నీ ఎందుకు, చిరుగుకి కుట్లేసినట్టు!”

“చాలదమ్మా. ఎవడో ఒక ఖాళీ తక్కువ కొడతాడు, ప్రోగ్రామంతా చెడుతుంది. బ్రాకెట్ ఉంటే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కళ్లకి కనపడుతుంది.”

“ఎవరి కళ్లకి సార్? మీ అద్దాలు నెత్తిమీదున్నాయి.”

పీపా అన్న మాట వినగానే మేస్త్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

గుడ్డకు రంగు పట్టించడమే ముప్పై నాలుగేళ్లుగా ఆయన బతుకు. పంతొమ్మిదో ఏట అద్దకం ఫ్యాక్టరీలో నీళ్లు మోయడానికి చేరి, రంగు కలిపేవాడై, మేస్త్రి అయ్యాడు. ఒక్క థర్మామీటరును నమ్మడు, మూడు ముంచి చూస్తాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో అత్తవారింటికి వెళ్లి, అందరూ చూస్తుండగా బొటనవేలు తడిచేసుకుని కిటికీ తెరను రుద్ది చూశాడట, రంగు దిగుతుందేమోనని. దిగింది. అప్పటినుంచీ బావమరుదులు ఆయన్ను ‘అనుమానాల బావ’ అనే పిలుస్తారు. భార్య అయితే నేటికీ వదలదు: “నయం, నన్ను రుద్ది చూళ్లేదు!” అనుమానం అందరూ తిట్టే గుణమే. కానీ ఓడల సరంగులూ, మందులు కలిపేవాళ్లూ, వంతెనల కింద బోల్టులు తట్టి చూసేవాళ్లూ దాని మీదే బతుకుతున్నారు. వాళ్ల అనుమానం నీడన మనం నిశ్చింతగా ప్రయాణాలు చేస్తున్నాం.

వచ్చే నెల ఫ్యాక్టరీకి గుడ్డను రంగునీళ్లలో తిప్పే కొత్త పీపాలు వస్తున్నాయి. వాటికి పనులు రాసి ఇవ్వడానికి ఎవరో కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తున్నారని మేనేజరు చెప్పాడు. మూడో నంబరు పీపా దగ్గర నిలబడబోయేది మేస్త్రి కూతురే.

“అమ్మాయ్, ఆ పీపా అద్దకానిదేనా?”

అమ్మాయి చటుక్కున ల్యాప్‌టాప్ సగం మూసింది. పెద్దమనిషి అద్దాలు ముక్కుమీదికి దించుకున్నాడు.

“మీరెవరండీ? ఏ కంపెనీ?”

“ఏ కంపెనీ ఏంటి సారూ, రంగులో మునిగేవాణ్ని.” మేస్త్రి చేతులు చాపి చూపించాడు. గోళ్ల అంచుల్లో నీలం.

“గోళ్లకి రంగు ఎవరైనా పూసుకోవచ్చు,” అని పెద్దమనిషి గొణిగాడు.

మేస్త్రికి ఆ మాట నచ్చింది. తనలాంటివాడే. “సరే, నమ్మొద్దు. ఒక్కటి చెప్పండి. రంగు పట్టిందో లేదో చూడ్డానికి మధ్యలో మూత తీస్తాం కదా, మళ్లీ మూశాక మీ భాషలో ఏమవుతుంది?”

“మధ్యలో తీస్తారా?” అంది అమ్మాయి.

“తియ్యకపోతే రంగెలా తెలుస్తుంది తల్లీ, వాసన చూసా?”

“తీస్తే పీపా ఆగుతుంది. మూశాక కూడా మనిషి మీట నొక్కేదాకా కదలదు. అది తెలిసిందేగా!”

“అదేంటమ్మా?” అన్నాడు పెద్దమనిషి. “మూయగానే ఆగిన చోటునుంచి మళ్లీ తిరుగుతుంది. అది తెలిసిందేగా!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆజ్ఞ రాసే తీరును వాళ్లు సింటాక్స్ అంటారు. రాసినదాన్ని బట్టి యంత్రం చేసే పని, అంటే ఆ రాతకు అర్థం, సెమాంటిక్స్. మొదటిదాని మీద ఎనిమిది నెలల్లో పదకొండు సమావేశాలు జరిగాయి, ఒకసారి టీ కప్పు కూడా పగిలింది. మూత సంగతి ఎవరూ ఎత్తలేదు. తనకు తెలిసినట్టే ఎదుటివారికీ తెలుసని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. మేస్త్రికి మాత్రం ఇదంతా నాటకంలా తోచింది. ఇంత చదువుకున్నవాళ్లు ఇంత చిన్న సంగతి మర్చిపోతారా? కావాలని దాచి, ఇప్పుడు తెల్లమొహం వేస్తున్నారా?

“పీపా ఆగిపోతే గుడ్డకి మచ్చలు పడతాయి పెద్దాయనా, మీకు తెలియందా?” అన్నాడు పెద్దమనిషి.

“మచ్చపడితే మళ్లీ ముంచుతాం. చెయ్యి పోతే దేంట్లో ముంచాలి?”

“మూత మూశాక చెయ్యి లోపలెందుకుంటుంది?”

మేస్త్రి తన రేకు పెట్టె దించి, తెరిచి, వంగి, మూతను భుజం మీదికి వాల్చుకుని, చెయ్యి లోపలికి దూర్చాడు. ఆవిరి మొహానికి కొట్టకుండా అద్దకం పనివాళ్లందరూ ఇలాగే చేస్తారు. ఏ పుస్తకంలోనూ రాసి లేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

“చూశారా? మూత ముప్పావు దిగింది. మా పాత పీపాల మూతకుండే స్విచ్చి ఈ మాత్రానికే టిక్కుమంటుంది, మూసుకుందనుకుని. మా అమ్మాయి పొట్టిది సారూ. చెయ్యి చంక దాకా లోపలే ఉంటుంది.”

పెద్దమనిషి ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించాడు. అమ్మాయి ల్యాప్‌టాప్ పూర్తిగా తెరిచింది. ‘అర్థాలు’ అన్న శీర్షిక కింద పేజీ ఖాళీగా ఉంది. అందులో మొదటి వాక్యం రాసింది: మూత ఒకసారి తెరుచుకుంటే, మనిషి మీట నొక్కేవరకు పీపా తిరగకూడదు.

“రాతలు ఎవరైనా రాస్తారు. తిప్పి చూపించు,” అన్నాడు మేస్త్రి.

ఆమె ప్రోగ్రామ్ మార్చి, తెర మీద బొమ్మ పీపాను తిప్పింది. మూత తెరిచింది, మూసింది. పీపా కదల్లేదు. మేస్త్రి అదే పని ఆరుసార్లు చేయించాడు. ఈలోగా రైలు కదిలింది.

“మూత తెరిచున్నప్పుడు కరెంటు పోయి వస్తే?”

కరెంటు పోయినట్టు చేసి చూశారు. కరెంటు రాగానే పీపా మూత ఊసే మరిచిపోయి గిర్రున తిరిగింది. అమ్మాయి నాలుక కరుచుకుంది. పెద్దమనిషి ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని రెండో వాక్యం తనే రాశాడు. ఈసారి ఇద్దరూ కలిసి సరిదిద్దారు. బ్రాకెట్ వేశారో లేదో ఎవరూ పట్టించుకోలేదు. మేస్త్రి కరెంటు తొమ్మిదిసార్లు తీయించాడు. తొమ్మిదిసార్లూ పీపా బుద్ధిగా నిలబడింది.

ఆయన స్టేషన్ వచ్చింది. పెట్టె మూసి లేచాడు.

“బాబాయ్, ఒక్క నిమిషం! ఈ భాష పుస్తకంలో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. మీ పేరు వేస్తాం, చెప్పండి,” అంది అమ్మాయి, ఆశగా.

మేస్త్రికి మళ్లీ అనుమానం పుట్టింది. పేరా? ఎందుకట? రేపెక్కడో ఏ పీపాయో ఏదో చేస్తే, మందపాటి పుస్తకంలో ముందుగా దొరికేది ఆ పేరేగా? అమ్మాయి మొహం చూశాడు, అమాయకంగానే ఉంది. పెద్దమనిషి చేతిలో కలం చూశాడు, మూత తీసి సిద్ధంగా ఉంది.

పెట్టె భుజానికెత్తుకుని గబగబా దిగిపోయాడు.

“పెద్దాయనా, పేరండీ! పేరు!” కిటికీలోంచి ఇద్దరూ అరుస్తున్నారు.

ఆయన తల తిప్పలేదు. జనంలో కలిసి, గేటు వైపు నడిచి వెళ్లిపోయాడు.