ముందు తిండి, తర్వాత సూది

ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఒక్క చూపుతో క్లాసు నోరు మూయిస్తానని స్కూల్లో పేరు. అంత పేరున్న నేను, పిల్లలకు టీకాలు వేసే రోజు వస్తే మాత్రం స్టాఫ్ రూములోంచి అడుగు బయట పెట్టేదాన్ని కాదు. సూదంటే నాకు అంత భయం.

మా కుక్కకు షుగరని తేలినప్పుడు మావారే ఆ పని మీదేసుకున్నారు. పొద్దున ఒక ఇంజెక్షన్, సాయంత్రం ఒకటి. సరిగ్గా ఆ టైముకి నేను వంటింట్లో ఏదో పని కల్పించుకునేదాన్ని. మూడు నెలలు అలా తప్పించుకున్నాను. తర్వాత వాళ్లక్కకు ఒంట్లో బాగోలేదని ఆయన విజయవాడ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు నా చేత సూదిలో ఉత్త నీళ్లు నింపించి, బత్తాయి పండుకు పొడిపించి నేర్పారు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించారు: ‘ముందు తిండి, తర్వాత సూది.’

“ఆ వరస తప్పకు చాలు. నీకు వేరే చెప్పాలా, టీచరమ్మవి,” అన్నారు. ఆ సాయంత్రం కుక్క పని చూసే రైలెక్కారు.

మర్నాడు పొద్దున అది వరండాలో ఎండకు పడుకుని నిద్రపోతోంది. లేచి ఉంటే సూది డబ్బా చూసి మంచం కిందికి దూరుతుంది. అక్కణ్ణించి లాగడం నా వల్ల కాదు. నిద్రలో ఉండగానే కానిచ్చేస్తే పోలా అనుకున్నాను. మందు గీత దాకా లాగి మూడుసార్లు చూసుకున్నాను. మెడ వెనక చర్మం పట్టి ఎత్తి, ఊపిరి బిగబట్టి గుచ్చాను. అది ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. బొచ్చు తడిమితే తడి లేదు, మందంతా లోపలికే వెళ్లింది. నా అంత మొనగత్తె లేదనుకుంటూ అన్నంలో ఉడికించిన చికెన్ కలిపి గిన్నె తెచ్చి పెట్టాను.

అది లేచి వచ్చి గిన్నె ముందు కూర్చుంది. తినలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

“తినవే,” అన్నాను. బతిమాలాను. కసిరాను. ముద్ద చేసి మూతికి అందిస్తే తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఫ్రిజ్ మీది కాగితం.

డాక్టరుకు ఫోన్ చేస్తే కాంపౌండర్ ఎత్తాడు.

“సూది ముందుగాల ఇచ్చిన్రా? ఏందమ్మా గిట్ల చేసిన్రు! తినకుంటే షుగరు పడిపోతది, పానం మీదికొస్తది.”

ఇప్పుడేం చేయాలని అడిగాను.

“పరేషాన్ గాకుర్రి. తేనె ఉంటే జెర చిగుళ్లకు రాయుర్రి. రోజూ ఎట్ల పెడ్తరో గట్లనే పెట్టి చూడుర్రి. అయినా తినకుంటే ఎంటనే ఇటు పట్టుకొని రార్రి.”

చిగుళ్లకు తేనె రాశాను. అది నాలుక తిప్పుకుని మళ్లీ నా మొహమే చూస్తూ కూర్చుంది. రోజూ ఎలా పెడతారు? రోజూ పెట్టేది నేనైతే కదా!

పెట్టేది ఆయన. మా ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ముట్టరు. ఆయన దాన్నీ అలాగే పెంచారు. గిన్నె పెట్టి, పక్కన కూర్చుని, రెండు మాటల్లో ప్రార్థన చేసి ఆమెన్ అంటారు. అది వినపడ్డాకే కుక్క మూతి పెడుతుంది. “కుక్కకు కూడా ప్రార్థనేంటండీ, చోద్యం కాకపోతే!” అని ఎన్నిసార్లు వెక్కిరించానో.

నేల మీద కూలబడి కళ్లు మూసుకున్నాను. “ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు,” అన్నాను. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆగలేకపోయాను. దీన్ని నా చేతుల మీదుగా తీసుకుపోకు తండ్రీ అన్నాను. నా భయానికి దీన్ని శిక్షించకు అన్నాను. ఆయనకు నా మొహం ఎలా చూపించను అన్నాను. ఇన్నేళ్లుగా చర్చిలో పెదవులు కదిపానే గానీ, ఇలా ఏడుస్తూ ఏదీ అడిగిన గుర్తు లేదు. ఎంతసేపు అడిగానో తెలియదు.

మోకాలి మీద పంజా పడింది. కళ్లు తెరిచాను. దాని మూతికి రెండు పక్కలా చొంగ కారుతోంది. గిన్నె వైపు చూడటం లేదు, నా నోటి వైపే చూస్తోంది.

“ఆమెన్,” అన్నాను.

గబగబా తింటూ అది గిన్నెను వరండా చివరిదాకా నెట్టుకుపోయింది. నేను మోకాళ్ల మీద దాని వెనకే పాకుతూ వెళ్లాను.