భవాని కట్టిన రాణి వేషం

వర్క్‌షాప్ గేటు ఎదుటి ఇరానీ హోటల్లో విజయేందర్ నాకోసం కాచుకుని ఉన్నాడు. అతను భవాని భర్త అని తెలుసు గానీ మా ఇద్దరి మధ్య పెద్దగా మాటలుండేవి కావు. నేను కూర్చోగానే చాయ్ చెప్పాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగాడు.

"షాలేమన్నా, ఆ నాటకంల భవాని నిన్ను ఎట్ల సంపుతది?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"తానం చేస్తుంటే మీద వల అసొంటి గుడ్డ కప్పి కత్తితోని పొడుస్తది," అన్నాను. "అదంత తెర ఎనకనే. జనానికి నా కేక ఒక్కటే ఇనిపిస్తది."

"ఎందుకు సంపుతది?"

"బిడ్డను బలిచ్చిండని."

అతను కప్పు కింద పెట్టాడు.

"ఆ వేషం మీరిచ్చిండ్రా, ఆమెనే అడిగిందా?"

"ఆమెనే అడిగింది," అన్నాను. ఉన్న మాటే చెప్పాను గానీ, ఎందుకు చెప్పానా అని ఆ వెంటనే అనిపించింది. అతని ముఖంలో రంగు మారింది.

మాది లాలాగూడ రైల్వే కాలనీలో చిన్న నాటక బృందం. నేను వర్క్‌షాప్‌లో ఫిట్టర్ని. భవాని పార్సిల్ ఆఫీసులో క్లర్కు. డ్యూటీలు దిగాక కాలనీ కమ్యూనిటీ హాల్లో రిహార్సల్ చేసుకుంటాం. మా దర్శకుడు ఉదయ్ భాస్కర్ గారు కాకినాడ మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై సికింద్రాబాద్‌లోనే ఉండిపోయారు. అందరూ మాస్టారు అంటాం. ఆయన ఆ ఏడాది ఒక పాత గ్రీకు కథను తీసుకుని, తన మాటల్లో నాటకం రాసుకొచ్చారు. అందులో పేర్లు మా నోళ్లకు తిరగలేదు. రాజు, రాణి అనే పిలుచుకున్నాం.

కథ ఇది. రాజు యుద్ధానికి ఓడల మీద బయలుదేరతాడు. గాలి స్తంభిస్తుంది. కన్నకూతుర్ని దేవతకు బలిస్తే గాలి వీస్తుందని ఎవరో జోస్యం చెబుతారు. పెళ్లి చేస్తానని కబురు పంపి రాజు ఆ పిల్లను రప్పించుకుంటాడు. తల్లే ముస్తాబు చేసి తీసుకొస్తుంది. అక్కడ పెళ్లి లేదు, బలిపీఠం ఉంది. ఏళ్ల తర్వాత రాజు గెలిచి తిరిగొస్తాడు. రాణి ఎర్రటి తివాచీ పరిచి లోపలికి పిలుస్తుంది. ఇక అతను బయటికి రాడు.

రాజు నేను. రాణి మా బృందంలోని ఇంద్రజ చెయ్యాల్సింది. భవాని అప్పటిదాకా మా నాటకాల్లో పక్కింటావిడగానో, పెళ్లికొడుకు తల్లిగానో వచ్చి పోయేది. మాస్టారు కథ చదివి వినిపించిన సాయంత్రం ఆమె లేచి, "సార్, ఆ రాణిని నేను చేస్త," అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. ఇంద్రజే మారు మాట్లాడకుండా తప్పుకుంది.

విజయేందర్ రెండోసారి వచ్చినప్పుడు మనిషి చిక్కి ఉన్నాడు. కంటోన్మెంట్ దిక్కు ఒక బడిలో వడ్రంగి పనులు చూస్తాడతను. చేతులు ఎప్పుడూ ఏదో ఒక దాన్ని తడుముతూ ఉంటాయి. ఆ రోజు టేబుల్ అంచును తడుముతూ కూర్చున్నాడు.

"అన్నా, నీకో మాట చెప్త. ఎవ్వలతోని అనకు. నేను ఇంట్ల పాలు తాగుడు బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఆమెనే కలిపి ఇస్తది కదా." కప్పు పక్కకు జరిపాడు. "తానానికి పోతే గడియ పెట్టి, ఎన్కకు ఒక బల్ల చెక్క అడ్డం పెడుతున్న. పిచ్చోని లెక్క అనిపిస్తది. కని ఆమె ఇంట్ల ఆ మాటలు చదువుకుంటది అన్నా, కూరగాయలు కోసుకుంట. నా దిక్కు సూడకుంట చదువుతది."

"నాటకం అది. ఆమె నిన్నెందుకు ఏమన్న చేస్తది?"

అప్పుడు చెప్పాడు. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది దేవిశ్రీ, బెంగళూరులో ఉద్యోగం. చిన్నది హిమజ. విజయేందర్ అన్న పేరు బ్రహ్మచారి. అతనికి బోయిగూడలో కట్టె కోత మిల్లు ఉంది, పిల్లలు లేరు. హిమజ పాలు మరిచిన కొత్తలో భవాని టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడింది. విజయేందర్ తల్లి బుచ్చమ్మ, అన్న, తను ముగ్గురూ కూర్చుని అనుకున్నారు. పిల్లను బ్రహ్మచారి భార్య రాజ్యం దగ్గర పెట్టారు. భవాని ఇంటికొచ్చాక, నువ్వు కోలుకునేదాకే అన్నారు. తర్వాత బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు బ్రహ్మచారి అయింది. హిమజ వాళ్లను అమ్మా బాపూ అంది, వీళ్లను చిన్నమ్మ, చిన్నబాపు అంది.

"భవాని ఏమన్నది?" అని అడిగాను.

"ఏమనలే. అదే అన్నా నా తక్లీఫ్. ఒక్కనాడు సుత ఏమనలే. ఏడిస్తే తెలుస్తది, తిడితే తెలుస్తది. పందొమ్మిదేండ్ల పిల్లైంది ఇప్పుడు, ఇంతవరదాక ఒక్క మాట లేదు."

ఆ తర్వాత నాక్కూడా అనుమానం అంటుకుంది. కత్తి చెక్కది, మా పెయింటర్ వెండి రంగు వేసి ఇచ్చాడు. అయినా రిహార్సల్ మొదలయ్యే ముందు దాని అంచు మీద వేలు పెట్టి చూసుకునేవాణ్ని. తెర వెనక ఆమె నా తల మీద గుడ్డ వేసి మెడ దగ్గర మడత తిప్పినప్పుడు ఆ చేతుల్లో కొంచెమైనా వణుకు ఉండేది కాదు. నాకు ఊపిరాడేది కాదు. ఆమె లాగినందుకు కాదు, లాగుతుందేమో అని. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ దేవకృప, "నీకు భయమైతే వేషం మార్చుకో," అంది. మార్చుకోలేదు.

ఈలోగా మాస్టారికీ భవానికీ చిన్న వాదం వచ్చింది. మాస్టారి లెక్కలో రాణి మండిపడుతూ ఉండాలి. భవాని ఇంటి పనులు పురమాయించే మనిషిలా మాట్లాడేది. నీళ్లు కాగాయా, తివాచీ దులిపారా అన్నట్టు.

"అదేంటమ్మా, పగ కనిపించాలి కదా," అన్నారు మాస్టారు.

"ఇన్నేండ్లు కనిపిస్తే ఎవరో ఒకరు పట్టుకునేటోళ్లు కదా సార్. కనవడకుంట దాస్కున్నది కాబట్టే ఆయన లోపలికి పోయిండు."

మాస్టారు ఒప్పుకున్నారు. అప్పుడామె ఇంకోటి అడిగింది. రాజు తివాచీ మీద కాలు పెట్టే ముందు కొంచెంసేపు ఎవరూ ఏమీ మాట్లాడకూడదని.

"ఎందుకు?"

"ఆమె సూస్తది సార్. బిడ్డ పేరు తీస్తడేమో అని. యుద్ధం ముచ్చట చెప్పిండు, దేవుళ్లకు దండం పెట్టిండు, యుద్ధంల గెలిచి తెచ్చిన బానిస పిల్లను మంచిగ సూడుమన్నడు. బిడ్డ ముచ్చట ఎత్తలే. ఎత్తితే ఆమె సంపకపోవు."

"చంపకపోయేదో ఏమో మనకు తెలీదమ్మా," అన్నారాయన మెల్లగా. "ఆవిడకు ఇంకో మగవాడు కూడా ఉన్నాడు, కథలో. రాజు చస్తే గద్దె వాళ్లది. దాన్ని తీసేస్తే రాణిని దేవతను చేసినట్టే. బిడ్డ కోసం కూడా చంపింది, తన కోసం కూడా చంపింది. రెండూ పట్టుకుని నిలబడగలవా?"

భవాని "నిలబడుత," అంది. తివాచీ ముందు ఆగడం నాటకంలో ఉండిపోయింది.

ఒక ఆదివారం పగటి రిహార్సల్ అయ్యాక ఇద్దరం కాలనీ రోడ్డు మీద నడుస్తున్నాం. ఇక దాచుకోలేక అడిగేశాను.

"చెల్లె, నీ మనసుల ఏమున్నది? విజయేందర్ పాలు తాగుతలేడంట."

ఆమె ఆశ్చర్యపోలేదు. "సింకుల పారబోస్తడు. నాకు ఎర్కనే."

"మరి ఎందుకు కలిపిస్తున్నవ్?"

"పారబోస్తడా తాగుతడా అని సూస్తందుకు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఉయ్యాల ఇప్పి అటక మీద పెట్టిండ్రు అన్నా. నువ్వు కోలుకునేదాక అన్నరు. కోలుకునేదాక అయితే ఉయ్యాల ఎందుకు ఇప్పుతరు? అప్పుడే సమజైంది. అడిగితే కొట్లాట అయితది, అసలు సూడనియ్యరేమో అని నోరు మూసుకున్న. ఆయన నన్ను సూసి ఎన్నడు భయపడలే. ఈ నాటకం షురూ అయినంక భయపడుతుండు. మంచిగనిపించింది నాకు. అబద్ధమెందుకు, మస్తు మంచిగనిపించింది. భయం లేదని చెప్తే ఒక్క నిమిషం పని. చెప్పలే."

"ఇంకెన్నాళ్లు?"

"తెల్వదు. ఈ మధ్యల ఆయన అంగీలు వదులైనయి. అది సూస్తే ఎట్లనో ఉంటుంది."

ఆమె పగ పట్టిందని అప్పుడు నమ్మాను. అది ఏ రకం పగో మాత్రం అంతు చిక్కలేదు.

నాటకం ఆడిన సాయంత్రం హాలు నిండింది. తెర సందులోంచి చూస్తే ముందు వరుసలో విజయేందర్, పక్కన ఒక పిల్ల. హిమజను అదే మొదటిసారి చూడడం. ముక్కూ నుదురూ అచ్చు భవానివే. నేను భవానికి చెప్పలేదు, కానీ ఆమె కూడా అదే సందులోంచి చూసింది. నా వైపు తిరిగి, "ఎవలు పిలిచిండ్రు?" అంది. గొంతులో మొదటిసారి తడబాటు విన్నాను. విజయేందర్ పిల్లను ఎందుకు తెచ్చాడు? భవాని చేతులు కట్టేయడానికా? జనం ముందు ఆమెను దోషిగా నిలబెట్టడానికా? నాకు ఆ అనుమానాలన్నీ వచ్చాయి. ఆమెకూ వచ్చే ఉంటాయి.

తివాచీ ముందు నిలబడ్డాను. హాలంతా నిశ్శబ్దం. భవాని నన్ను చూస్తోంది. రిహార్సల్లో ఆ చూపు ఎన్నిసార్లు చూశానో, అయినా ఆ రోజు అది వేరుగా ఉంది. అందులో కోపం లేదు. ఆకలిగొన్న మనిషి వంటింటి వైపు చూసినట్టు చూసింది. నాటకంలో లేని పేరు నా నోటిదాకా వచ్చింది. మింగేసి కాలు ముందుకేశాను. జనంలో ఎవరో నిట్టూర్చడం వినిపించింది.

అంతా అయ్యాక మేకప్ తుడుచుకుంటుంటే విజయేందర్ పిల్లను తీసుకుని వెనక గదికి వచ్చాడు. నేను లేవబోతే భవాని, "ఉండన్నా," అంది. ఒంటరిగా ఉండడానికి భయపడిందేమో.

"ఆటోల వస్తుంటే చెప్పిన," అన్నాడు విజయేందర్, నేల చూస్తూ. "మీ అమ్మను అడగకుంట ఇచ్చినమని. హిమజకు గట్ల తెల్వదంట."

"ఎట్ల తెలుసు మరి?" అంది భవాని.

హిమజ మాట్లాడింది. "నువ్వే ఇచ్చినవని నానమ్మ చెప్పింది. రెండోది కూడా ఆడపిల్లనేనని నీకు వద్దనిపించిందట. అందుకే నువ్వు బోయిగూడకు వస్తే నేను మిద్దె మీదికి పోయేదాన్ని."

భవాని కుర్చీ పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్లూ ఆమె భర్తనే అనుమానించింది. బుచ్చమ్మ పోయి అప్పటికే కొన్నేళ్లు అయింది. ఆ ముసలామె వెనక ఇంత మాట వదిలిపోయిందని భవాని ఊహకు కూడా రాలేదు.

"నేను ఇయ్యలే," అంది చివరికి.

"మరి ఒక్కసారన్న అడగొచ్చు కదా చిన్నమ్మా. నా బిడ్డను నాకియ్యిండ్రి అని. నాకు ఇనవడేటట్టు." పిల్ల గొంతు గట్టిగా లేదు, కానీ వదల్లేదు. "ఇక్కడ అందరి ముందట ఇంత మంచిగ మాట్లాడినవ్. ఇంట్ల ఎందుకు మాట్లాడలే?"

విజయేందర్ ఏదో అనబోతే భవాని చెయ్యి అడ్డం పెట్టింది. "దాన్ని అననియ్యి. అడిగేది సరిగ్గనే అడుగుతుంది."

కౌగిలింతలేమీ జరగలేదు. హిమజ స్నేహితురాలి బండి మీద వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ నడిచి ఇంటికి పోయారు, ఒకరి వెనక ఒకరు.

మరుసటి ఆదివారం భవాని ఒక్కతే బోయిగూడ పోయింది. ఇది ఆమే నాకు చెప్పింది. బ్రహ్మచారి ఆమెను చూసి ఇంటి పక్కనే ఉన్న మిల్లులోకి పోయి తలుపు వేసుకున్నాడు. రాజ్యం వంటింట్లో ఉంది. చేతులు తుడుచుకోకుండానే వచ్చి, "తీస్కపోతందుకు వచ్చినవా?" అని అడిగింది.

"లేదక్కా. అంత పెద్ద పిల్లను ఎవలు తీస్కపోతరు. అత్తమ్మ దానికి చెప్పిన మాట నీకు ఎర్కనా, లేదా? అది అడుగుదామని వచ్చిన."

రాజ్యం పీట మీద కూలబడింది. "ఎర్కనే," అంది. "కాదని చెప్తే అది నీ దగ్గరికి ఉరుకుతదని ఊకున్న. నేను సుత నిన్ను సూసి రోజూ భయపడ్డ భవానీ. ఎప్పుడొచ్చి అడుగుతవో అని."

ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో భవాని చెప్పలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉందని మాత్రం తెలుసు.

ఇది జరిగి ఏడాది దాటింది. పిల్లకు నిజం చెప్పినందుకు బ్రహ్మచారి ఇప్పటికీ తమ్ముడితో మాట్లాడడు. రాజ్యం మాత్రం పండక్కి లాలాగూడ వచ్చి పోయింది. హిమజ కాలేజీకి సెలవున్నప్పుడు ఒక్కోసారి పార్సిల్ ఆఫీసు దగ్గరికి వస్తుంది. ఇద్దరూ ప్లాట్‌ఫాం చివర బల్ల మీద కూర్చుంటారు. ఎక్కువ మాట్లాడుకున్నట్టు కనిపించదు. మొన్న అటు పోతూ చూస్తే హిమజ ఏదో గట్టిగా అడుగుతోంది, భవాని తల వంచుకుని నిదానంగా జవాబు చెబుతోంది. నేను ఆగకుండా వంతెన ఎక్కి వచ్చేశాను.