గుమ్మానికి కట్టిన నల్ల పగడం

ఈ సంగతి మా కొవ్వూరు వీధిలో అప్పుడే రెండు రకాలుగా నడుస్తోంది. అత్తగారు కట్టుకున్న కాపలాను కోడలు ఇల్లు దాటించిందని కొందరు, కోడలు కొత్త జీవిని కనిపెట్టేసిందని కొందరు. మొదటిది సగం నిజం, రెండోది పూర్తిగా అబద్ధం. ఆ కోడల్ని నేనే. నేనుండగానే ఇలా ఉంటే రేపేమవుతుందో. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

నేను చేపలమ్ముతాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. పొద్దుటి బేరం అయ్యాక చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని, బస్సెక్కి బ్రిడ్జి దాటి రాజమండ్రి లైబ్రరీకి వెళ్తాను. వాసనకి ఎవరైనా ముక్కు చిట్లిస్తే పక్క కుర్చీలోకి జరగమంటాను. సముద్రం మీద అక్కడున్న తెలుగు పుస్తకాలన్నీ అయిపోయాయి. ఇంగ్లీషువి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఇది గొప్పగానే చెప్పుకుంటాను.

మా మరిది కాకినాడ నుంచి సూర చేపల వేటకి లోతు సముద్రానికి పోయే బోటులో పనిచేస్తాడు. ఒకసారి గాలం అడుగున ఎక్కడో పట్టేసింది. లాగితే ఆకుల్లేని పొదలాంటిది వచ్చింది. ఐసులో పెట్టి ఇంటికి తెచ్చాడు. అత్తగారు దాని మీది జిగురంతా కొబ్బరిపీచుతో తోమేసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలతో కలిపి గుమ్మానికి కట్టారు. సముద్రంలో ఉన్న కొడుకుని సముద్రపు చెట్టే కాయాలని ఆవిడ నమ్మకం.

చెట్టు కాదని నా అనుమానం. సముద్రం అడుగున కొండలుంటాయని చదివాను, శిఖరం కూడా నీళ్ళలోనే ఉండే కొండలు. ఎండ సోకని ఆ చీకట్లో, లోపలి నీటి ప్రవాహం కొండని ఒరుసుకుపోయే చోట, కొమ్మల్లా పెరిగే ప్రాణులుంటాయి. చిన్న చిన్న జీవులు ఒకదాన్నొకటి అంటుకుని, కొట్టుకొచ్చే మేత పట్టుకుని బతుకుతాయి. వాటిలో నల్ల పగడానిది నల్లటి ఎముక, దాని మీద కంటికి ఆనని ముళ్ళు. పాత పేపర్లు చదవడానికి లైబ్రరీలో ఉంచిన భూతద్దం అడిగి తెచ్చి, స్టూలెక్కి చూశాను. పసుపు అంటని ఒక కొమ్మ చివర ముళ్ళు వరసగా కనబడ్డాయి.

"అత్తయ్యా, ఇది చెట్టు కాదు, ప్రాణి" అన్నాను.

"ప్రాణమున్నదైతే మరీ మంచిది. నిద్రపోకుండా కాస్తుంది" అన్నారావిడ.

మా ఆయన కంచం ముందు పడీపడీ నవ్వి, ఆ తర్వాత చాలా రోజులు నన్ను సైంటిస్టు గారూ అని పిలిచాడు. పిలవనీ అనుకున్నాను.

రాజమండ్రిలో ఒక జువాలజీ లెక్చరర్ గారికి ఫోన్లో ఫొటోలు చూపించాను. నల్ల పగడమే, సరిగ్గానే పోల్చారు అన్నారాయన. ఏ జాతో తేలాలంటే మాత్రం ముళ్ళని మైక్రోస్కోపు కింద చూడాలట, పైనుండే మెత్తటి కండ కూడా కావాలట. ఆ కండే అత్తగారు తోమేసిన జిగురు. ఇంకో మాట కూడా చెప్పారు. చట్టం కాపాడే జీవి ఇది, ఇంట్లో ఉంచుకోకూడదు. ఫారెస్టు వాళ్ళతో తాను మాట్లాడతాను, కాలేజీకి తెచ్చేయమన్నారు.

అప్పటికి మరిది వేటలో ఉన్నాడు. ఫోను అందదు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

"వాడు ఒడ్డెక్కేదాకా దాని మీద చెయ్యి వెయ్యి, చెప్తాను."

"మరిదిని కాసేది బోటు, దాన్ని నడిపే సరంగు. ఇది తనని తనే కాచుకోలేక మన గుమ్మానికి వేలాడుతోంది."

"నీ చదువుకి నా కొడుకే దొరికాడా?"

అయినా తగ్గలేదు. పట్టపగలు, వీధంతా చూస్తుండగా తాడు విప్పాను. మరిదికేమైనా అయితే ఆ మాట జన్మంతా నా మీదే ఉంటుందని తెలిసే విప్పాను. దాన్ని బుట్టలో పెట్టగానే అత్తగారు బుట్ట లాక్కుని నెత్తిన పెట్టుకున్నారు. ఎక్కడ పెడతారో తన కళ్ళతో చూడాలట. బస్సులో ఎవరో ఏం చేపలమ్మా అని అడిగితే, "చేపలు కాదు, మా కోడలి చదువు" అన్నారు.

మైక్రోస్కోపులో ముళ్ళ సందుల నిండా పసుపే. లెక్చరర్ గారు ఒక కొమ్మ కడిగి మళ్ళీ చూశారు. ఏ కుటుంబమో చెప్పగలనుగానీ జాతి చెప్పలేనన్నారు.

"పేరు తేలనప్పుడు ఇంటికి పట్టుకుపోవచ్చు కదా బాబూ?" అని అడిగారు అత్తగారు.

కుదరదండి అన్నారాయన. తిరుగు బస్సులో ఆవిడ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని వేరే సీట్లో కూర్చున్నారు.

తర్వాత ఒక విలేకరి నా చేపల బల్ల దగ్గరికి వచ్చి, కొత్త జాతి అని రాద్దామన్నాడు. జాతి తేలలేదని రాయండి అన్నాను. అది వార్తవదన్నాడు. అయితే రాయకండి అన్నాను.

మరిది ఒడ్డెక్కాడు. అందులో నా గొప్పేమీ లేదు. అతను ఫోను చేసేదాకా నాకు అన్నం సహించలేదన్నదీ నిజమే. సంగతంతా విని, ఇకమీదట అక్కడ గాలం పట్టేస్తే లాగకుండా తాడు కోసేస్తానన్నాడు.

పేరుపేరునా థాంక్స్ చెప్పాల్సిన వాళ్ళున్నారు, పేర్లు రాయొద్దన్నారు. భూతద్దం ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, తెలియదని చెప్పడానికి మొహమాటపడని లెక్చరర్ గారికి, మరిదికి, నవ్వినా ఆపని మా ఆయనకి. బుట్ట మోసిన అత్తగారికి ఎదురుగానే చెప్పాను. నీ థాంక్సులు నాకెందుకు, వాడు మళ్ళీ వేటకి పోతున్నాడు, గుమ్మానికి ఏం కడతావో చెప్పు అన్నారు.

ఏమీ కట్టనన్నాను.