అత్తయ్య గిటారుకు పాత వైరు

"వైరంటే వైరే కదా అత్తయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటకు ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం ఆవిడ తరఫున చాలానే మాట్లాడాయి.

ఈస్టర్ ఇంకా రెండు వారాలు ఉందనగా మా అత్తగారి గిటారు మూగబోయింది. మేడ్చల్‌లో నర్సుగా పని చేస్తున్న రోజుల్లో ఆవిడ సికింద్రాబాదులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటారు అది. ఆవిడ పెళ్లికి ముందు నుంచీ ఉంది కాబట్టి ఈ ఇంట్లో మా ఆయన కంటే కూడా సీనియర్. శామీర్‌పేట వైపున్న మా చర్చిలో పండుగ రోజు తెల్లవారుజాము ఆరాధన ఆ గిటారుతోనే మొదలవుతుంది. నేను కోస్తా నుంచి కొంపల్లికి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తుల ఇంటి పిల్లని, గుళ్లూ గోపురాల మధ్య పెరిగాను. పెళ్లయి బహదూర్‌పల్లిలోని ఈ ఇంటికి వచ్చాక, ఆ చీకట్లో మొదటి పాట వినడానికని చర్చికి వెళ్లడం మొదలుపెట్టాను.

గిటారు గొంతు పాడవుతోందని అత్తయ్య ఏడాదిగా అంటూనే ఉన్నారు. ఇప్పుడు పూర్తిగా పోయింది. చర్చిలో పాటల బృందం, అదే క్వాయర్, నడిపే ఆవిడ ఇంటికి వచ్చి, "ఆంటీ, ఈసారికి కీబోర్డ్‌తో మొదలుపెడదాం" అని మెల్లగా అంది.

"పండుగ లోపల సప్పుడొస్తే నేనే కొడత. రాకుంటే మీ కీబోర్డే పెట్టుకోర్రి, ఇగ నన్ను అడగకుర్రి" అన్నారు అత్తయ్య. ఈ ఒక్కసారికే కాదు, ఇక ఎప్పటికీ అని ఆ గొంతులోనే తెలిసిపోయింది. గిటారు లేకుండా చర్చిలో కూర్చున్న అత్తయ్యను నేను ఊహించుకోలేకపోయాను. నాకు భయం వేసింది.

దూలపల్లిలో రిలేలనే కరెంటు స్విచ్చులకు చిన్న చిన్న కాయిల్స్ చుట్టే యూనిట్‌లో నాది తనిఖీ పని. కాబట్టి గిటారు విప్పింది నేనే. స్ట్రింగుల కింద పికప్ అని ఒక ముక్క ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత రాగి వైరు వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన స్ట్రింగు కదిలితే ఆ కదలికను పట్టి స్పీకరుకు పంపేది అదే. మీటరు పెట్టి చూస్తే అంకే రాలేదు. బయటి కొస బాగానే ఉంది. లోపలి కొస దగ్గర, ఇన్నేళ్ల చెమట దిగి, వైరు పచ్చగా చిలుమెక్కి తెగిపోయింది. అక్కడ అతుకు వేయడం ఎవరి తరమూ కాదు. పాత చుట్టంతా కోసి పారేసి కొత్తది చుట్టాలి.

"నా ముందట కొయ్యి" అన్నారు అత్తయ్య. కోశాను. ఆవిడ ఆ రాగి పీచును దులిపి, గుడ్డలో మూటగట్టి బీరువాలో పెట్టుకున్నారు.

అసలు గొడవ అప్పుడే మొదలైంది. పాత వైరు మీద పూత ముదురు గోధుమ రంగు, వెనకటి రకం ఎనామెల్. మా ఫ్యాక్టరీలో వాడేది కొత్త రకం పూత, లేత ఎరుపు. సోల్డరింగ్ ఐరన్ తగిలితే చాలు, పూత తనే కరిగిపోయి అతుక్కుంటుంది. పాతది అలా కరగదు, బ్లేడుతో గీకాలి. గీకేటప్పుడు వైరే తెగిపోవచ్చు. లోపలి రాగి మాత్రం రెండింట్లోనూ ఒకే మందం. మా స్టోర్ ఇన్‌చార్జిని అడిగితే కాస్త వైరు మిగిలిన స్పూలు సంతోషంగా ఇచ్చేవాడు. అందుకే వైరంటే వైరే కదా అన్నాను.

"గా వైరు నాకొద్దు. లోపల ఏదుండెనో గదే పెట్టు" అన్నారు ఆవిడ, మర్నాడు మాటలు కలిశాక.

"పూత ఒక్కటే తేడా. ఎవరికి వినిపిస్తుంది చెప్పండి?"

"నాకు."

ఇక చేసేదేముంది? మేడ్చల్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపులన్నీ ఎక్కి దిగాను. పాత కాయిల్లోంచి దాచిన ముక్కను తెల్ల కాగితం మీద అతికించి చూపిస్తే ఒకాయన కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇది వైరా అమ్మా, ఎంటికా? మా తాన సన్నదంటే గిదే" అని ఫ్యాన్లకు చుట్టే వైరు చూపించాడు. దాంతో బట్టలు ఆరేసుకోవచ్చు. హోల్‌సేల్ వాళ్లకు ఫోన్ చేస్తే పెట్టెల లెక్కన తీసుకోమన్నారు, అదీ పండుగ దాటాక. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం వచ్చింది, వెళ్లింది. అత్తయ్య చర్చిలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో టీ కూడా ఆవిడకు ఈమధ్య సగం కప్పే కావాలి. దిగులు వల్లనే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ వారం నా బుర్రలో ఒక పాపపు ఆలోచన తిరుగుతూనే ఉంది. ఫ్యాక్టరీ వైరు చుట్టేసి, పైన నల్ల టేపు వేసేసి, పాత వైరే దొరికిందని చెబితే? టేపు విప్పి చూసేదెవరు? ఆ మాట మా ఆయనతో అంటే, "అమ్మ కనిపెట్టేస్తుంది" అన్నాడు. కొడుకుల నమ్మకాలు ఇలాగే ఉంటాయి.

గుడ్ ఫ్రైడే ముందు రోజు పనిలో ఒకావిడ చెబితే, బహదూర్‌పల్లి దాటాక ఒక తుక్కు షాపుకు వెళ్లాను. మూతపడిన ఏదో యూనిట్ సామానంతా అక్కడ కుప్పగా పడి ఉంది. మోటార్ల కింద, నూనె మరకల మధ్య, చేతిలో పట్టేంత స్పూలు ఒకటి దొరికింది. ముదురు గోధుమ రంగు. లేబులు చిరిగిపోయింది.

"ఏందమ్మా, గంత పరేషాన్ అయితున్రు? రాగి రాగే గదా, తీస్కపోండ్రి" అన్నాడు షాపాయన. నా మాటే నాకు తిరిగి వినిపించి ఒళ్లు మండింది.

ఇంటికి వచ్చి మైక్రోమీటరుతో మందం కొలిచాను. సరిపోయింది. సోల్డరింగ్ ఐరన్ తాకించాను. పూత కరగలేదు, అంటే పాత ఎనామెలే. చివరిగా సూది చుట్టూ చుట్టి భూతద్దంలో చూశాను. పూత పెళుసుబారి సన్నటి పగుళ్లు. పగుళ్లుంటే ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగిలి కాయిల్ పనికిరాకుండా పోతుంది. ఏడుపొచ్చింది. కోపంతో స్పూలు మీద పొరలు లాగి పారేస్తూ పోయాను. లోపలికి వెళ్లాక మళ్లీ సూదికి చుట్టి చూస్తే పూత నున్నగా ఉంది. ఎండా గాలీ తగిలిన పై పొరలే పాడయ్యాయి. మిగిలింది ఒక్క పికప్‌కు వస్తుంది. తెగిందంటే ఇక రెండో అవకాశం లేదు.

శనివారం మధ్యాహ్నం కూర్చున్నాం. అత్తయ్య చేతి కుట్టుమిషను మీద బాబిన్‌కు దారం చుట్టే పుల్ల ఉంటుంది కదా, దానికి పికప్‌ను బిగించాను. గాలికి వైరు ఊగుతుందని ఫ్యాను ఆపేశాం, కిటికీలు మూసేశాం. ఏప్రిల్ ఎండ గోడల్లోంచి దిగుతోంది. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య నుంచి వైరును వదలాలి. బిగిస్తే తెగుతుంది, వదులిస్తే చుట్లు కుప్పపడతాయి. వైరు కంటికి ఆనదు, దీపం వెలుగులో ఎక్కడో ఒక మెరుపు మాత్రం తెలుస్తుంది. ముక్కు మీద చెమట కారుతుంటే అత్తయ్య కొంగుతో అద్దారు, ఆపరేషన్ గదిలో డాక్టరుకు అద్దినట్టు.

సగం దాటాక నా ఎడమ చెయ్యి కొంకర్లు పోయింది. వేళ్లు నావి కానట్టే ఉన్నాయి. ఆపుదామంటే వైరు వదులైపోతుంది.

"అత్తయ్యా, పట్టుకోండి. జల్దీ!" అన్నాను. కంగారులో ఆవిడ మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆవిడ కదల్లేదు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. తర్వాత నా వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టి వైరు అందుకున్నారు. దీపం కింద ఆ మెరుపు వణికింది. ముందు నా కళ్లే చెదిరాయనుకున్నాను. కాదు, వణుకుతున్నది ఆవిడ చెయ్యి. ఒక్క పోటుతో నరం దొరకబట్టేదని మేడ్చల్‌లో ఇప్పటికీ చెప్పుకునే చెయ్యి అది. నిండు కప్పు తొణకకుండా ఎత్తలేకే సగం కప్పు టీ అని అప్పుడర్థమైంది. చక్రాన్ని వీలైనంత మెల్లగా తిప్పాను. వైరు అటూ ఇటూ ఊగుతూ చుట్టుకుంటోంది గానీ తెగలేదు. నా చెయ్యి తేరుకున్నాక వైరు మళ్లీ నేను తీసుకున్నాను.

బ్లేడుతో రెండు కొసలూ గీకి అతికించేసరికి సాయంత్రమైంది. మీటరు పెట్టాను. అంకె కనిపించింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్ట్రింగులు బిగించి, స్పీకరుకు తగిలించి గిటారు ఆవిడ చేతికిచ్చాను.

అత్తయ్య ఎడమ చెయ్యి ఆనించకుండా అన్ని స్ట్రింగులనూ ఒక్కసారి మీటారు. పెళ్లయిన కొత్తలో చీకట్లో విన్న గొంతు, అచ్చంగా అదే. తర్వాత ఆవిడ పండుగ పాట ఎత్తుకున్నారు. రెండో వరుసలో కార్డు, అంటే వేళ్ల పట్టు, మారే చోట వేళ్లు జారి, స్ట్రింగు జర్రుమంది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే జారింది. ఆవిడ స్పీకరు ఆపేసి, గిటారును ఒళ్లో పడుకోబెట్టుకున్నారు.

"సప్పుడు గదే" అన్నారు.

"మరి?"

"గదే అంటున్న గదా" అని లేచి దాన్ని పెట్టెలో పెట్టారు. రేపు వాయిస్తారా లేదా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

తెల్లవారకముందే చర్చి ఆవరణలో కుర్చీలన్నీ నిండాయి. అత్తయ్య పెట్టె మోసుకుంటూ తిన్నగా ముందుకు వెళ్లారు. క్వాయర్‌లో రెండో గిటారు వాయించే అతను ఒకడున్నాడు, స్కూలు వ్యాను డ్రైవరు. ఏళ్లుగా అత్తయ్య వెనక నిలబడి వాయించినవాడే గానీ ఆవిడ గిటారును ఏనాడూ తాకనిచ్చింది లేదు. అత్తయ్య పెట్టె తెరిచి, గిటారు తీసి, పట్టీ అతని మెడలో వేశారు. అతను బిత్తరపోయి చూస్తుంటే భుజం తట్టి, వచ్చి ఆడవాళ్ల వరుసలో నా పక్కన కూర్చున్నారు.

నాకు కోపం ఆగలేదు. ఎండల్లో ఆ తిరుగుడు, ఆ ఉక్కలో ఆ చుట్టుడు, అన్నీ గుర్తొచ్చాయి.

"ఇంత చేసింది ఇందుకా? చెయ్యి బాగాలేదని మీకు ముందే తెలిసినప్పుడు ఏదో ఒక వైరు చాలదా?" అన్నాను, గొంతు తగ్గించి.

"తెల్వదు బిడ్డా. ఒకపారి తప్పు సెయ్యిదే అనుకుంటుంటి, మళ్ల గిటారుదేనేమో అనుకుంటుంటి" అన్నారు ఆవిడ ముందుకే చూస్తూ. "నువ్వు ఏదో ఒక వైరు సుట్టి ఉంటే, సచ్చేదాక నిన్నే తిట్టుకుంటుంటి."

ముందు క్వాయర్ మొదటి పాట ఎత్తుకుంది. ఆ చీకట్లో అదే గిటారు గొంతు, కార్డు మారే చోట ఎక్కడా జారకుండా సాగింది. అత్తయ్య తన చెయ్యి తెచ్చి నా ఒళ్లో పెట్టారు, ఇక దాచకుండా. అది వణుకుతూనే ఉంది, పాట అయ్యేదాకా నేను పట్టుకునే కూర్చున్నాను.