నూట నలభై మూడో లైను

మా అక్క బస్సు గంట ఆలస్యమైనా నోరెత్తేది కాదు. కంప్యూటర్లో లెక్క ఒక్క పూట దండగైతే మాత్రం ఆమెకు తిండి సయించేది కాదు.

పద్నాలుగేళ్ళు ఆ పరిశోధనశాలలో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసింది. కిటికీ లేని గది, యంత్రాల రొద, ఎండాకాలంలోనూ స్వెట్టరు. కంటికి కనిపించనంత చిన్న అయస్కాంతాలను వరసగా పేర్చితే ఒకదాని కుదుపు మిగతావాటికి ఎలా పాకుతుందో లెక్కగట్టడం అక్కడి పని. వరసలో ఒక్కటి చేర్చితే చాలు, పని రెట్టింపు. ఒక్కో లెక్కకు పదకొండు రోజులు పట్టేది.

అక్క ఒక కిటుకు పట్టింది. వరస రెండు కొసలూ ఒకేలా ఉంటే ఎడమ సగం కుడి సగానికి అద్దంలో బొమ్మే. ఆ పోలికను వాడుకుంటే పని సగం తగ్గుతుంది. పదకొండు రోజులు ఐదున్నరయ్యాయి.

"ఈసారి నీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాదమ్మా," అన్నారు ఆ శాల నడిపే ప్రొఫెసరుగారు. ఆ కిటుకు మీద అచ్చయిన వ్యాసంలో మాత్రం ఆమె పేరు వేయలేదు.

"పేరుదేముందే, ఉద్యోగం రానీ," అంది నాతో. పిచ్చి మాలోకం!

కొసలు తేడాగా ఉంటే ఈ కిటుకు పనికిరాదు. అందుకని నూట నలభై మూడో లైనులో తనిఖీ పెట్టింది: తేడా కనిపిస్తే ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇంకో సంగతి. అక్క ఖాతా అందరికన్నా పాతది గనక, దాన్నుంచి వెళ్ళిన లెక్కలకు పెద్ద యంత్రం క్యూలో ముందు చోటు దొరికేది. అందుకే ఆమె పాస్‌వర్డు చీటీ మానిటరుకే అంటించి ఉండేది. గదిలో అందరూ ఆమె పేరు మీదే లెక్కలు పంపేవారు.

ఓ రోజు అక్క పన్ను పీకించుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఎవరో లెక్కలో ఒక కొసన బలమైన అయస్కాంతం పెట్టి, ఆగిపోతున్న ప్రోగ్రాములోంచి ఆ లైను పీకేశారు. సదస్సుకు వారమే గడువు. లెక్క చకచకా వచ్చింది, సదస్సులో చప్పట్లు మోగాయి. మూడు నెలలకు వేరే ఊరివాళ్ళు అదంతా తప్పని తేల్చారు.

విచారణలో లైను తీసింది అక్క ఖాతా అని తేలింది. ఆ మధ్యాహ్నం పన్ను పీకిన డాక్టరు చీటీ అక్క చూపించింది.

"ఇంటి నుంచీ తీయొచ్చు కదమ్మా?" అన్నారు కమిటీవాళ్ళు. పాస్‌వర్డు అందరికీ తెలుసంటూ అక్క ప్రొఫెసరుగారికేసి చూసింది.

"నాకు ప్రోగ్రాములు తెలియవండీ," అన్నారు ప్రొఫెసరుగారు, బల్లకేసి చూస్తూ. ఉన్న కాంట్రాక్టూ ఊడింది.

నెల తిరక్కుండా ఆయనే ఫోను చేశారు.

"ఏమనుకోకమ్మా. ఆ లైను నేనే తొందరలో తీసేశాను. అందులో ఏముండేదో గుర్తు రావట్లేదు."

అక్క ఆ లైను ఒక్కో అక్షరమే చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు చెప్పావే? నీకు సిగ్గులేదూ?"

"లెక్క తప్పు రాకూడదు కదే," అంది. ఫోను బల్ల మీద పెట్టింది. "నా ఖాతా ఇంకా మూయలేదట. పాస్‌వర్డు మార్చొద్దన్నారు. మారిస్తే వాళ్ళ లెక్కలకు క్యూలో ముందు చోటు పోతుందట."